నాలుగు వేళ్ళ పొత్తిలి

కొత్తగా చేరిన నర్సులకు సలోమి సిస్టర్ మొదటి రోజున మందుల పేర్లు చెప్పదు, మిషన్ల మీటలు చూపించదు. నెలలు నిండని పిల్లల వార్డు గుమ్మంలో నిలబెట్టి ఒకే ఒక ప్రశ్న వేస్తుంది.

"పక్కింటికి వెళ్తే తలుపు తట్టి వెళ్తారా, తోసుకుని వెళ్తారా?"

ఆ ఏడు చేరిన నలుగురమ్మాయిలూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. పెద్ద పెద్ద పరీక్షలు గట్టెక్కి వచ్చినవాళ్ళకి ఇదేం ప్రశ్నో అర్థం కాలేదు. చివరికి రాజోలు వైపు నుంచి వచ్చిన మంగతాయారు, "తట్టే వెళ్తామండి" అంది. మంగతాయారు అనేది వాళ్ళ నాయనమ్మ పేరు. తనకి ఆ పేరు పెట్టినందుకు ఇంట్లోవాళ్ళ మీద ఇంకా అలక తీరని పిల్ల, అందుకే తాయారు అని పిలిపించుకుంటుంది.

"మరి వీళ్ళేం పాపం చేశారు? అమ్మ కడుపులో ఇంకో రెండు మూడు నెలలు హాయిగా పడుకోవాల్సినవాళ్ళు. సూది పట్టుకుని ఒకళ్ళు, గొట్టం పట్టుకుని ఒకళ్ళు మీద పడిపోతాం. ముందు తలుపు తట్టండి."

అలా అంటూనే అద్దాల పెట్టె పక్కనున్న చిన్న కిటికీలోంచి చెయ్యి లోపలికి పోనిచ్చి, బిడ్డ అరికాలిని వేలి కొసతో రెండుసార్లు తాకింది. కాస్త ఆగింది. అప్పుడు వీపు మీద అరచెయ్యి ఆనించింది. బిడ్డ మొత్తం ఆ అరచేతి కింద ఇమిడిపోయింది. ముడుచుకున్న నొసలు మెల్లగా విడింది. చూస్తున్న నలుగురూ తెలియకుండానే ఇంకో అడుగు దగ్గరికి జరిగారు.

సలోమి కుడిచేతి ఉంగరం వేలు మాత్రం బిడ్డని తాకలేదు. అది పైకే ఉండిపోయింది. సెలైన్ గాజు సీసాల్లో వచ్చే రోజుల్లో ఒక సీసా చేతిలోనే పగిలి వేలి నరం తెగింది. అప్పట్నుంచీ ఆ వేలు వంగదు. అన్నం కలిపేటప్పుడు కూడా అది పక్కకే నిలబడుతుంది. "వంటపనిలో చెయ్యి పెట్టని తోటికోడల్లా ఉందే నీ వేలు" అని భర్త ప్రకాశం ముప్ఫై ఏళ్ళుగా అదే వేళాకోళం ఆడుతున్నాడు. ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి. అతని దగ్గర వేళాకోళాలు తక్కువ, ఉన్నవాటినే తిప్పి తిప్పి వాడుకుంటాడు.

వేలు ఎలా ఉన్నా సలోమి హస్తవాసి జిల్లాలో పేరుపడింది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకి ఊపిరి తీయడం గుర్తుండదు. తీస్తూ తీస్తూ మరిచిపోతారు. మానిటర్ కూస్తుంది, ఎవరో పరుగెత్తుకెళ్ళి తడతారు, బిడ్డకి మళ్ళీ గుర్తొస్తుంది. కొందరికి రాదు. సలోమి డ్యూటీలో ఉన్నప్పుడు మాత్రం ఆ మరుపు తక్కువగా ఉండేది. ఎందుకో ఎవరికీ తెలీదు. ఆమెకీ తెలీదు.

ఆ ఎందుకో తేల్చుకోవడానికే, ఈ అమ్మాయిలు చేరకముందే, విశాఖపట్నం నుంచి మృణాళిని వచ్చింది. ఇంజినీరు. రెండు వానాకాలాలు వార్డులోనే మకాం పెట్టి, ఉల్లిపొరంత పల్చటి పట్టీలు సలోమి అరచేతులకి అంటించి, ఆమె ఎక్కడ ఎంత బరువు ఆనిస్తుందో, ఎంత వెచ్చగా, ఎంతసేపు ఆనిస్తుందో మొత్తం పట్టుకుంది. పట్టుకుని మెత్తటి పరుపులాంటిది ఒకటి చేసింది. దాని పేరు పొత్తిలి. బిడ్డని అందులో పడుకోబెడితే, ఊపిరి మందగించబోతోందని మానిటర్ కంటే ముందే పసిగట్టి, ఒక అంచు పైకి లేచి అరచెయ్యిలా వీపు మీద ఆనుతుంది. అంతకుముందు అరికాలిని రెండుసార్లు తడుతుంది కూడా.

కొత్త నర్సుల కోసం ఒక తొడుగు కూడా చేసింది. చేతికి వేసుకుంటే చెయ్యి తప్పు పట్టినప్పుడల్లా మెల్లగా నెట్టి దారిలో పెడుతుంది. సలోమికి ఏళ్ళు పట్టిన విద్య ఈ పిల్లలకి వారాల్లో అబ్బేసింది.

దీని ఫలితం కళ్ళ ముందే కనిపించింది. ఆయా తెల్లగుడ్డ మూట ఒకటి పొదివి పట్టుకుని వెనక గుమ్మంలోంచి బయటికి వెళ్ళడం సలోమి వందలసార్లు చూసింది. చూసిన ప్రతిసారీ ఇంటికెళ్ళి అన్నం ముట్టలేదు. పొత్తిలి వచ్చాక ఆ వెనక గుమ్మానికి బూజు పట్టింది. ఇంకో సంగతి, వార్డులో ఏడుపు వినపడడం మానేసింది. పరిశీలనకి వచ్చిన పెద్దాఫీసర్లు లోపలికి అడుగుపెట్టి, ఇది పసిపిల్లల వార్డేనా అని ఆశ్చర్యపోయేవాళ్ళు. వచ్చే ఏడాది అన్ని జిల్లాలకీ ఇస్తామన్నారు. సలోమికి అప్పుడు కలిగిన గర్వం అంతా ఇంతా కాదు.

ఆ వార్డులో ఒక ఆనవాయితీ ఉంది. ఎవరు మొదలుపెట్టారో తెలీదు. ఇంటికి వెళ్ళే రోజున తల్లి తన బిడ్డని సలోమి ఒళ్ళో ఒకసారి పెట్టి తీసుకుంటుంది. ఏ మతంవాళ్ళయినా సరే, అది కానిదే ఆటో ఎక్కరు. సలోమి అరికాలిని రెండుసార్లు తాకి, లోలోపల ప్రార్థన చేసుకుని, "ఇంక రావద్దు, ఫో" అంటుంది. ఆ మాట కోసమే తల్లులు కాచుకుని ఉంటారు.

ఒకరోజు నర్సుల గదిలో టీ తాగుతుంటే సలోమి కళ్ళు తాయారు గ్లాసు మీద పడ్డాయి. ఉంగరం వేలు పైకి లేచి ఉంది. పక్కన కూర్చున్న అమ్మాయిది కూడా. నలుగురిదీ అంతే.

"వేలికేమైందే?"

"ఏం కాలేదు సిస్టర్. తొడుగు అలాగే నేర్పింది కదండీ. అలా పెట్టకూడదా?"

సలోమికి నవ్వాగలేదు. తన వేలు తెగిన కథ చెప్పింది. అమ్మాయిలు కూడా పడీపడీ నవ్వారు. ఇంటికొచ్చి చెప్తే ప్రకాశం, "ఇంక జిల్లా అంతా తోటికోడళ్ళే అన్నమాట" అన్నాడు. అక్కడితో అందరూ ఆ సంగతి మరిచిపోయారు.

లంక గ్రామం నుంచి సత్యవేణి పాపని తీసుకుని రావడం మొదలుపెట్టింది ఆ రోజుల్లోనే.

సత్యవేణి కొబ్బరిపీచు పేనే మనిషి. అంతకుముందు ఇద్దరు పుట్టి పోయారు. ఈ పాప ఏడో నెలలో పుట్టింది. ఆపరేషనయ్యాక బీపీ పెరిగి ఫిట్స్ వచ్చి సత్యవేణి పై అంతస్తు బాలింతల వార్డులో మంచానికి అతుక్కుపోయింది. లేచి తిరిగే నాటికి పాప పొత్తిలిలో నిక్షేపంగా పెరుగుతోంది. వెనకటి రోజుల్లో అయితే పిల్లని తల్లి గుండెల మీద గంటలు గంటలు పడుకోబెట్టేవాళ్ళు. పొత్తిలి వచ్చాక ఆ అవసరం లేదనుకున్నారు. మధ్యలో తీస్తే దాని లెక్క తప్పుతుందని కూడా అన్నారు. అందుకని సత్యవేణి అద్దంలోంచి చూసి వెళ్ళిపోయేది. వార్డులో ఏ బిడ్డకీ సొంత పేరుండదు, తల్లి పేరే చీటీ మీద రాసి కాలికి కడతారు. "సత్యవేణి పాప" అని తన పేరే కనిపిస్తుంటే ఆమెకి అదే పెద్ద సంబరం.

ఇంటికెళ్ళిన వారానికే తిరిగొచ్చింది. పాప ఏడుపు ఆపదంది, పాలు పట్టుకోదంది. ఆ మాట చెప్తుండగానే పాపని తాయారు అందుకుంది. పాప ఠక్కున ఊరుకుని నిద్రలోకి జారుకుంది. అందరి ముందూ సలోమి కసిరింది.

"పిల్లని పట్టుకోవడం ముందు నేర్చుకో అమ్మా. చేతులలా కర్రల్లా బిగుసుకుపోతే పసిదానికి భయం వెయ్యదూ?"

సత్యవేణి తలొంచుకుని వెళ్ళిపోయింది. మరో వారానికి మళ్ళీ వచ్చింది. పాప బరువు తగ్గింది. మళ్ళీ చీవాట్లే తింది. మూడోసారి వచ్చినప్పుడు ఓపీ దగ్గర ఆగలేదు. తిన్నగా వార్డు వరండాలోకి వచ్చి, బల్ల మీద కూర్చున్న సలోమి ఒళ్ళో పాపని పెట్టింది. పెట్టి, తీసుకోలేదు.

"ఏంటమ్మా?"

"మీరే ఉంచేసుకోండి సిస్టరమ్మా. ఇది నా బిడ్డ కాదండి, మీదే."

"పిచ్చి మాటలు మాట్లాడకు."

"పిచ్చిమాటలు కాదండి. ఇక్కడికొత్తే ఏడవదండి. గేటు దాటితే ఆపదండి. మా ఆయనెత్తుకున్నా అంతే, మా అత్తెత్తుకున్నా అంతే. నేనెత్తుకుంటే మరీని. నీ చెయ్యి దానికి పడదంటంది మా అత్త. ఇద్దరు పోయినప్పుడూ నా చెయ్యే అన్నారండి." ఆమె గొంతులో ఏడుపు లేదు. ఏడ్చి ఏడ్చి ఆగిపోయిన గొంతు. "బతికితే సాలండి. ఎవరికాడున్నా సరే."

పాప సలోమి ఒళ్ళో హాయిగా కళ్ళు మూసుకుంది. సలోమి తలెత్తి వార్డులోకి చూసింది. ఎక్కడా చిన్న ఏడుపు లేదు. ఇన్నాళ్ళూ గర్వంగా అనిపించిన ఆ నిశ్శబ్దం చూసి మొదటిసారి ఆమెకి భయం వేసింది.

పాప వీపు మీద పైకి లేచి ఉన్న తన వేలిని చూసుకుని తాయారుని కేకేసింది. పాపని చేతికిచ్చింది. పాప కదల్లేదు.

"ఆ ఉంగరం వేలు కిందికి దించు."

తాయారు దించబోయింది. వేలు మాట వినలేదు, అలవాటైపోయింది. సలోమి తన చేత్తోనే ఆ వేలిని నొక్కి పాప వీపుకి ఆనించింది. పాప నొసలు ముడుచుకుంది. కింది పెదవి వణికింది. అంతలోనే వరండా అదిరిపోయేలా ఏడుపందుకుంది.

"వదిలెయ్."

వేలు పైకి లేచింది. ఏడుపు ఆగింది.

తాయారు ముఖంలో నెత్తురు చుక్క లేదు. "ఇదేంటి సిస్టర్?" అంది. సలోమి జవాబు చెప్పకుండా ఆమెని లోపలికి తీసుకెళ్ళి, ఇంటికి పంపడానికి సిద్ధంగా ఉన్న ఇంకో ఇద్దరు పిల్లల దగ్గర అదే చేయించింది. వాళ్ళూ అంతే చేశారు.

ఇక్కడ పొత్తిలిదీ, నర్సులదీ, అందరివీ నాలుగు వేళ్ళ చేతులే కాబట్టి ఆసుపత్రిలో ఉన్నంతసేపూ ఏ బిడ్డా ఏడవదు. డాక్టర్లు చూసేదీ, రాసుకునేదీ ఇక్కడే. ఇంటికెళ్ళి తల్లులు పడే పాట్లు ఎవరి లెక్కలోకీ రాలేదు. చెప్పుకోవడానికి వచ్చిన తల్లుల్ని చీవాట్లు పెట్టి పంపించారు. అందులో ఎక్కువ చీవాట్లు పెట్టింది తనే.

మర్నాడు మృణాళిని వచ్చింది. పాపని మళ్ళీ వార్డులో చేర్చుకుని పక్కగదిలో పెట్టారు. సలోమి తాయారు చేత అదంతా మళ్ళీ చేయించి చూపించింది. మృణాళిని తాయారు వేలినీ, సలోమి వేలినీ మార్చి మార్చి చూసింది.

"పుట్టినప్పట్నుంచీ వాళ్ళకి తెలిసిన చెయ్యి అదొక్కటే సిస్టర్. ఎప్పుడు భయం వేసినా వచ్చి ఆనింది అదే. అమ్మంటే అదేననుకున్నారు."

"ఇప్పుడేం చేద్దాం?"

మృణాళినిది ఉపాయాలకి కొదవలేని బుర్ర. సత్యవేణికి తొడుగు వేద్దామంది. నర్సులు నేర్చుకోగా లేనిది తల్లి నేర్చుకోలేదా అంది. అది విని సలోమికి ప్రాణం లేచొచ్చింది. సత్యవేణి చేతికి తొడుగు వేశారు. ముందు కాసేపు తడబడింది. ఆమె చేతిని తొడుగు అటూ ఇటూ నెడుతుంటే బడిలో కొత్తగా చేరిన పిల్లలా అయిపోయింది. సాయంత్రానికి కుదిరింది. పాప ఆమె ఒళ్ళో, మొట్టమొదటిసారి, ఏడుపు లేకుండా పాలు తాగింది. మృణాళిని కళ్ళు తుడుచుకుంది. తాయారు చప్పట్లు కొట్టబోయి ఆగింది.

సత్యవేణి మాత్రం పాప ముఖం చూడడం లేదు. తన చేతినే చూసుకుంటోంది, పైకి లేచిన ఆ వేలినే.

"ఇప్పుడు ఇది తాగతంది మీ చేతిలో కదండీ?" అంది సలోమితో.

"అలవాటైపోతుందమ్మా. తొడుగు తీసేసినా నీ చెయ్యి అలాగే ఉండిపోతుంది."

"ఆయ్. ఉండిపోద్దండి." పాప తాగడం అయ్యేదాకా ఆగి, తొడుగు విప్పి బల్ల మీద పెట్టింది. "తాడు పేనాలంటే ఈ వేలు ఆనాలండి. పాతికేళ్ళుగా పేనిన చెయ్యి. ఇది పోతే నాకేం ఉందండి? బువ్వ పోద్దని కాదు. ఎప్పుడైనా ఇది పెద్దదై నా చెయ్యి పట్టుకుంటే, పట్టుకుంది మా అమ్మనే అనుకోవాలి కదండీ."



ఆ సాయంత్రం ఇంట్లో సలోమి బియ్యం కడుగుతూ కడుగుతూ అలాగే ఉండిపోయింది. ప్రకాశం వచ్చి గిన్నె అందుకున్నాడు. సంగతంతా విన్నాడు. ఈసారి వేళాకోళం ఆడలేదు.

"మన రాజు సంగతి మర్చిపోయావా?" అన్నాడు. "నువ్వు డ్యూటీలకి పోతుంటే వాణ్ణి మా అమ్మే పెంచింది. నువ్వొచ్చి ఎత్తుకుంటే వాడు ఊరంతా ఏకమయ్యేలా ఏడ్చేవాడు. గుమ్మంలో కూర్చుని నువ్వూ ఏడ్చేదానివి."

"గుర్తులేకేం."

"మరి మా అమ్మేం చేసింది?"

సలోమి ఆలోచించింది. అత్తగారు ఉన్నట్టుండి ఒకరోజు సంచీ సర్దుకుని కూతురింటికి పోయింది. నెల దాటినా రాలేదు. ఆ నెలంతా సెలవు పెట్టి చచ్చే చావు చచ్చింది సలోమి. మనవణ్ణి వదిలేసి పోయిన ముసలిదాన్ని తిట్టుకోని రోజు లేదు. నెలాఖరుకి రాజు ఆమె మెడ చుట్టూ చేతులేసి పడుకున్నాడు.

"కావాలనే పోయింది," అన్నాడు ప్రకాశం. "అక్కడికి పోయాక అక్క దగ్గర ఏడ్చిందంట. అక్క మొన్నీమధ్య చెప్పింది."

మర్నాడు పొద్దున్నే సలోమి మృణాళిని ముందు కూర్చుంది.

"మీ పొత్తిలిలోంచి నన్ను తగ్గించండి."

"తీసేస్తే పసివాళ్ళు చచ్చిపోతారు సిస్టర్. ఈ వార్డులో ఇంతకుముందు ఎంతమంది పోయేవాళ్ళో మీకే బాగా తెలుసు."

"తీసెయ్యమనలేదు మేడమ్. ఆక్సిజన్ ఎవరికన్నా ఒక్కసారిగా తీసేస్తామా? రోజుకింత తగ్గిస్తాం. నన్నూ అలాగే తగ్గించండి. నేను తగ్గినంత మేర వాళ్ళమ్మని పెట్టండి. నా చెయ్యి బతికించేవరకే."

"సత్యవేణి చెయ్యి నిలకడగా ఉండదు. గరుకు, వణుకు. పాప ఊపిరి తడబడొచ్చు."

"తడబడుతుంది. తెలుసు."

ఏది జరిగినా బాధ్యత తనదేనని సలోమి చెప్పింది. చెప్పింది కానీ ఆ మాట బరువెంతో ఆమెకి తెలుసు. ఇద్దరు పోయిన తల్లికి మూడోది కూడా పోతే, చంపింది తనే అవుతుంది.

సత్యవేణి అరచేతులకి ఉల్లిపొర పట్టీలు అంటించారు. పాప పొత్తిలిలో రోజురోజుకీ సలోమి తగ్గుతూ, సత్యవేణి పెరుగుతూ వచ్చింది. మిగతా వేళంతా పాప తల్లి గుండెల మీదే. నర్సులెవరూ తాకకూడదు. తాయారొక్కతే లోపల ఉంటుంది, ఆమె కూడా చేతులు కట్టుకునే. సలోమి గది గుమ్మం దాటి రాకూడదు. ఆ నియమం పెట్టింది సలోమే. "నేను లోపలికి రాబోతే ఆపెయ్యాల్సింది నువ్వే" అని తాయారుకి మరీ మరీ చెప్పింది.

పాప ఏడ్చింది. రోజులు రోజులు ఏడ్చింది. సత్యవేణి వీపు నిమిరింది, ఎత్తుకుని తిరిగింది, పాటలు రాకపోతే తాడు పేనేటప్పుడు ఆడవాళ్ళు చెప్పుకునే కబుర్లన్నీ చెప్పింది. వార్డులో అందరికీ నిద్ర కరువైంది. అద్దం ఇవతల సలోమి అలా నిలబడే ఉండేది. ఆమె చేతులు వాటంతటవే లేచేవి. ఎత్తుకుంటే ఆగిపోయే ఏడుపది. పాలు పొంగుతుంటే చూస్తూ కూర్చోమన్నట్టుంది ఆమెకి.

పొత్తిలిలో తల్లి చెయ్యి సగం దాటిన రోజు మధ్యాహ్నం, తల్లి ఒళ్ళో ఏడుస్తూ ఏడుస్తూ పాప ఊపిరి బిగబట్టింది. తీయలేదు. పెదవులు నీలంగా మారాయి. మానిటర్ కూసింది.

సలోమికి ఏమీ గుర్తులేదు. తలుపు దగ్గరికి ఎప్పుడు చేరిందో తెలీదు. గుమ్మంలో తాయారు అడ్డంగా నిలబడి ఉంది. ఒక చేతిలో ఆక్సిజన్ మాస్కు.

"తప్పుకోవే."

"రావద్దు సిస్టర్."

"పిల్ల పోతుందే."

"అవసరమైతే నేను మాస్కు పెడతానండి. మీరు రావద్దు. మీరే చెప్పారు." తాయారు గుమ్మంలోంచి కదల్లేదు. వెనక్కి తిరక్కుండానే కేకేసింది. "సత్యవేణక్కా, అరికాలు. తలుపు తట్టు."

సత్యవేణి పాప అరికాలిని తట్టింది. భయంతో కాస్త గట్టిగానే తట్టింది. ఏమీ కాలేదు. మళ్ళీ తట్టింది. అయిదు వేళ్ళూ ఆనించి వీపు మీద ఒక్క రుద్దు రుద్దింది, గరుకు చేత్తో, పీచు రుద్దినట్టే. పాప ఒళ్ళు ఝల్లుమంది. ఊపిరి లోపలికి పోయింది. ఆ వెంటనే ఏడుపు మొదలైంది. ఆ ఏడుపు మెల్లమెల్లగా వెక్కిళ్ళలోకి దిగి, తల్లి మెడ దగ్గర ఆగిపోయింది.

తాయారు గోడకి ఆనుకుని కూలబడిపోయింది. సలోమి వరండాలోకి వెళ్ళి బల్ల మీద కూర్చుని నలుగురూ చూస్తుండగానే ఏడ్చింది. అది సంతోషమే. అయితే అందులో ఈర్ష్య కూడా ఉంది. తన చెయ్యి లేకుండానే పాప ఊరుకుంది. ఆ ఈర్ష్య తెలిసి సిగ్గుపడింది, సిగ్గుపడి మరికాస్త ఏడ్చింది. అత్తగారు కూతురింట్లో ఎందుకేడ్చిందో అప్పుడు అర్థమైంది.

ఆ తర్వాత ప్రతి బిడ్డకీ ఇలా తగ్గించే ఇంటికి పంపాలని మృణాళిని రాసి పంపింది. ఆసుపత్రి పెద్దలు సరేనన్నారు. ఇప్పటికే ఇళ్ళకెళ్ళిపోయిన పిల్లల మాటెత్తితే మాత్రం, ఊరికే గగ్గోలు ఎందుకు, పిల్లలన్నాక ఏడవరా, పెద్దయితే వాళ్ళే సర్దుకుంటారు అన్నారు. సర్దుకుంటారేమో కూడా. సలోమికి నమ్మకం కుదరలేదు. సెలవు రోజుల్లో తాయారుని వెంటేసుకుని పడవల మీద, ఆటోల మీద ఆ ఇళ్ళకి వెళ్ళడం మొదలుపెట్టింది. వెళ్ళిన చోట గుమ్మం బయటే నిలబడుతుంది. తల్లికి ఎలా చెయ్యాలో అక్కణ్ణుంచే చెప్తుంది. ఆమెని చూసి ఇదివరకు తిట్టించుకున్న తల్లులు కొందరు ముఖం తిప్పుకుంటారు. తిప్పుకోనీ అనుకుంటుంది.

సత్యవేణి పాప ఇంటికి వెళ్ళే రోజు వచ్చింది. పాపకి బుగ్గలొచ్చాయి. అత్త కొత్త చీర కట్టుకొచ్చింది. ఆటో గేటు దగ్గర ఆగింది. సత్యవేణి ఆనవాయితీ ప్రకారం వరండాలోకి వచ్చి సలోమి ముందు నిలబడి పాపని ముందుకి చాపింది.

సలోమి చేతులు వెనక్కి పెట్టుకుంది.

"పెట్టొద్దమ్మా."

"ఒళ్ళో పెట్టకుండా ఎలా తీసుకెళ్ళనండి? ఒక్కసారండి."

"ఒక్కసారయినా వద్దు. నేను దానికి పరాయిదాన్ని. అలాగే ఉండనీ."

"సిస్టరమ్మగారికి మా మీద కోపమొచ్చిందేటండీ?" అంది అత్త, నొచ్చుకుంటూ. సలోమి తల అడ్డంగా ఊపింది. 

సత్యవేణి ఆమె ముఖంలోకి కాసేపు చూసింది. పాపని ఎడమ భుజానికి మార్చుకుంది. కుడిచెయ్యి సలోమి వెనక్కి పోనిచ్చి, అక్కడ దాచుకున్న చేతిని వెతికి పట్టుకుంది. గరుకుగా, వెచ్చగా ఉన్న అరచెయ్యి. అయిదు వేళ్ళూ సలోమి చేతి చుట్టూ గట్టిగా బిగిశాయి, వంగని ఆ వేలిని కూడా కలుపుకుని. ఇన్నాళ్ళూ అద్దంలోంచి చూడడమే తప్ప ఆ చెయ్యి ఎలా ఉంటుందో సలోమికి తెలీదు. ఇప్పుడు తెలిసింది.

సత్యవేణి వదిలి వెళ్ళిపోయింది. ఆటో గేటు దాటుతుండగా ఎండ ముఖాన పడిందేమో, పాప ఏడుపందుకుంది. సలోమి వరండా ఊచలు పట్టుకుంది. ఏడుపు వీధి మలుపు దాకా వినిపించింది. తర్వాత వినిపించలేదు. తల్లి చేతిలో ఆగిందో, ఆటో దూరమైపోయిందో తెలియలేదు.

తాయారు వచ్చి పక్కన నిలబడింది. "ఊరుకుందంటారా సిస్టర్?"

"తెలీదే," అంది సలోమి. "మనకి తెలియకూడదు."

లోపల వార్డులో ఎవరి బిడ్డో ఏడుస్తోంది. ఇద్దరూ గుమ్మం దగ్గరే ఆగారు. ఆయా అప్పటికే ఆ తల్లిని పిలవడానికి మెట్లెక్కుతోంది.